కాంటా అయిన తర్వాత

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం నల్లమల అడవి అంచున ఉంటుంది. బోర్ల కింద, చెరువుల కింద, కాలువ నీళ్లు అందిన చోట వరి పండుతుంది. చెల్కల్లో వేరుశనగ, పత్తి, మొక్కజొన్న వేస్తారు. ఒకప్పుడు ఈ ప్రాంతం, అంటే పాలమూరు పేరు చెబితే వలస కూలీలు గుర్తుకొచ్చేవారు. జూరాల, నెట్టెంపాడు, భీమా పథకాలు, కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం వచ్చాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆ పరిస్థితి చాలా వరకు మారింది. వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో తిరిగి వచ్చి నాట్లు వేశాయి. పంట పండించడం అనే మొదటి కష్టం కొంత తగ్గింది. పండిన పంటను అప్పగించి డబ్బు చేతికి తెచ్చుకోవడం అనే రెండో కష్టం మాత్రం అలాగే ఉంది.

రైతు పంటను ఇంకొకరికి అప్పగించే ప్రతిచోటా ఒక ఒప్పందం ఉంటుంది. కొన్నిచోట్ల అది కాగితం మీద ఉంటుంది, చాలాచోట్ల నోటిమాటగానే ఉంటుంది. ఏ ఒప్పందానికైనా నాలుగు అంగాలు: ఎంత సరుకు, ఎంత నాణ్యత, ఎంత ధర, ఎప్పుడు డబ్బు. ఈ నాలుగూ సరుకు చేతులు మారేలోగా తేలిపోవాలి. పాలమూరు రైతుల ఫిర్యాదులను విడదీసి చూస్తే దాదాపు అన్నింటి మూలం ఒకచోటే దొరుకుతుంది. సరుకు ముందే చేతులు మారుతుంది, తూకమో నాణ్యతో ధరో ఆ తర్వాత తేలుతుంది.

వడ్ల కొనుగోలు దీనికి అన్నింటికన్నా పెద్ద ఉదాహరణ. వరికి కేంద్ర ప్రభుత్వం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2020-21లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 1,888 రూపాయలున్న ఈ ధర 2023-24లో 2,203కి, 2024-25లో 2,320కి, 2025-26లో 2,389కి చేరింది. సాధారణ రకానికి ఇంతకన్నా 20 రూపాయలు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వం 2024 వానకాలం నుంచి ఎంపిక చేసిన సన్న రకాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించింది. కాబట్టి వడ్ల ధర విషయంలో అయోమయం ఉండకూడదు. ఊళ్లోనో పక్క ఊళ్లోనో మహిళా సంఘాలు గాని, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు గాని నడిపే కొనుగోలు కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ తరఫున కొంటుంది. అక్కడి నుంచి వడ్లు మిల్లుకు వెళతాయి. మిల్లు వాటిని మరాడించి క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం గాని, 68 కిలోల ఉప్పుడు బియ్యం గాని తిరిగి ఇవ్వాలి. తవుడు, ఊక, నూకలు మిల్లుకే మిగులుతాయి.

కాగితం మీద ఇంత సూటిగా ఉన్న వ్యవహారం కల్లంలో అలా సాగదు. కోత యంత్రాలు వచ్చాక వరి కోత, నూర్పిడి ఒకే రోజు పని అయింది. కుప్పలు వేసి ఆరబెట్టే రోజులు పోయాయి. యంత్రం నుంచి రాలిన గింజలో తేమ 20 శాతం దాటి ఉంటుంది. కొనుగోలు నిబంధన 17 శాతానికి మించకూడదంటుంది. ఆరబెట్టడానికి ఇంటింటికీ కల్లాలు లేవు కాబట్టి వడ్లు తారురోడ్ల మీదికి, కేంద్రాల ఆవరణల్లోకి చేరతాయి. యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. అకాల వానలు, వడగండ్లు పడేది కూడా అప్పుడే. పరదా కప్పిన కుప్ప కిందికి నీళ్లు చేరి గింజ మొలకెత్తితే ఆ నష్టం పూర్తిగా రైతుదే, ఎందుకంటే అప్పటికింకా కాంటా కాలేదు. కేంద్రం ఆవరణలో వారం పది రోజులు ఉన్నా, టోకెన్ చేతిలో ఉన్నా, లారీ రాలేదని, సంచులు లేవని ఆలస్యం చేసింది కేంద్రమే అయినా లెక్క మారదు. సరుకు కొనుగోలుదారు ఆవరణలో ఉంటుంది, దాని ప్రమాదమంతా అమ్మకందారు నెత్తిన ఉంటుంది. ఏ వ్యాపారంలోనూ ఇలాంటి ఏర్పాటును న్యాయమని ఎవరూ అనరు.

తేమకు కోత కోయడంలో ఒక న్యాయం ఉంది. 20 శాతం తేమ ఉన్న వంద కిలోల వడ్లు 17 శాతానికి ఆరితే 96 కిలోల పైచిలుకు మిగులుతాయి. ఆ మూడున్నర కిలోలు నీళ్లే. తడి వడ్లకు తూకం తగ్గించి తీసుకుంటే రైతుకూ అభ్యంతరం ఉండదు. అయితే ఆరబెట్టి, తూర్పారబట్టి, తేమ యంత్రంలో 17 లోపు చూపించిన వడ్లకు కూడా తరుగు తీయడమే ఫిర్యాదు. నిబంధనల ప్రకారం మట్టి, రాళ్ల వంటివి ఒక శాతం, గడ్డి, తాలు వంటివి ఒక శాతం, ముడుచుకుపోయిన పచ్చి గింజలు మూడు శాతం దాకా ఉన్నా మద్దతు ధర పూర్తిగా ఇవ్వవలసిందే. ఆ హద్దుల్లో ఉన్న వడ్లకు 40 కిలోల సంచి మీద సంచి బరువు మాత్రమే అదనంగా తూచాలి. గోనె సంచి బరువు సుమారు 600 గ్రాములు. అయినా కేంద్రాల్లో 41, 42 కిలోలు తూచారని, మిల్లు దగ్గర దించేటప్పుడు మళ్లీ సంచుల లెక్కన కోశారని ఏటా సీజన్‌లో వినిపిస్తుంది. సంచికి రెండు కిలోల తరుగు చిన్నదిగా కనిపిస్తుంది. వంద సంచులు అమ్మిన రైతుకు అది రెండు క్వింటాళ్లు. 2024-25 నాటి 2,320 రూపాయల ధర మీద 4,640 రూపాయలు. మందుల అప్పు తీర్చడానికో, కోత యంత్రం కిరాయికో ఆ డబ్బే ఆసరా.

తరుగు ఎందుకు పుడుతుందో తెలియాలంటే మిల్లు స్థానం ఎలా మారిందో చూడాలి. 2015 వరకు లెవీ పద్ధతి ఉండేది. మిల్లరు రైతు దగ్గర వడ్లు స్వయంగా కొని, బియ్యంలో నిర్ణీత భాగాన్ని లెవీగా ప్రభుత్వానికి అప్పగించి, మిగిలింది బయట అమ్ముకునేవాడు. ఆ ఏడాది అక్టోబరు నుంచి కేంద్రం లెవీని ఎత్తివేసింది. వడ్లు కొనేది ప్రభుత్వ సంస్థ అయింది, మిల్లు మర పట్టి ఇచ్చే పనికి పరిమితమైంది. చట్టం దృష్టిలో మిల్లరు ఇప్పుడు కొనుగోలుదారు కాడు, ప్రభుత్వ వడ్లకు కాపలాదారు. అయినా లారీ దించుకోవాలా వద్దా అనే నిర్ణయం మిల్లు గేటు దగ్గరే జరుగుతుంది. లారీ వెంట వెళ్లిన ట్రక్ షీటు మీద మిల్లు అందినట్టు ధ్రువీకరించి, ఆ వివరం ఆన్‌లైన్‌లో ఎక్కిన తర్వాతే రైతు ఖాతాలో డబ్బు పడే ప్రక్రియ మొదలవుతుంది. కేంద్రంలో కాంటా అయినా డబ్బుకు తాళం మిల్లు చేతిలో ఉంటుంది. ఆ తాళమే తరుగుకు బలం. రెండు కిలోలకు ఒప్పుకుంటారా, లారీ వెనక్కి పంపమంటారా అన్నప్పుడు, కిరాయి మీద కిరాయి పెరుగుతున్న లారీని చూసి రైతు కాదనలేడు.

మిల్లర్ల వైపు నుంచి కూడా ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. యాసంగి ఎండలకు గింజలో పగుళ్లు వస్తాయి. పచ్చిగా మర పడితే నూక ఎక్కువవుతుంది. భారత ఆహార సంస్థ పచ్చి బియ్యంలో నూకను 25 శాతం దాకా, ఉప్పుడు బియ్యంలో 16 శాతం దాకా మాత్రమే అనుమతిస్తుంది. ఉప్పుడు బియ్యం చేస్తే పగిలిన గింజ గట్టిపడుతుంది కాబట్టి తెలంగాణ యాసంగి వడ్లు చాలా ఏళ్లు ఉప్పుడు బియ్యంగానే వెళ్లాయి. ఆ బియ్యం తినే రాష్ట్రాల్లో సొంత పంట పెరగడంతో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక వద్దంది. 2021 చివర్లో ఈ వివాదం ముదిరింది. యాసంగిలో వరి వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వమే రైతులకు చెప్పింది. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు, మర్నాడు రాష్ట్ర మంత్రివర్గం వడ్లు కొనాలని నిర్ణయించింది. ఈలోగా వరి మానేసిన రైతుకు నీళ్లున్న యాసంగి వృథా అయింది. ప్రభుత్వ మాట దాటి వేసిన రైతు పంట అమ్ముడైంది. మాట విన్నవాడే నష్టపోయాడు. నూక నష్టం నిజమే అయితే దాన్ని భరించవలసింది బియ్యం తీసుకునే ప్రభుత్వాలు. మిల్లుకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్న ఆ లెక్కను తరుగు రూపంలో రైతు సంచిలోంచి తీయడం ఏ ఒప్పందంలోనూ లేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం కొనుగోలుదారుకు సరుకును పరీక్షించుకునే హక్కు ఇచ్చింది. పరీక్షించే అవకాశం వచ్చాక సరుకు అంగీకరించానని చెప్పినా, తన సొంత సరుకులా వాడుకున్నా, తగిన గడువులో కాదనకపోయినా కొనుగోలుదారు దాన్ని అంగీకరించినట్టే లెక్క. కొనుగోలు కేంద్రంలో తేమ చూసి, తాలు చూసి, కాంటా వేసి, సంచి కుట్టి లారీకెక్కించడం కన్నా పెద్ద అంగీకారం ఇంకేముంటుంది? ఆ తర్వాత కోసే ప్రతి కిలో పాత ఒప్పందానికి విరుద్ధంగా, ఒకవైపు నుంచి రాసుకున్న కొత్త షరతే అవుతుంది. చట్టం ఉన్నా రైతుకు ఉపయోగపడకపోవడానికి కారణం చిన్నదే. కాంటా అయినప్పుడు తేమ ఎంత, సంచులెన్ని, తూకమెంత అని రాసిన చీటీ చాలామంది చేతికి రాదు. వచ్చినా మిల్లు దగ్గర తేలిన అంకెతోనే అసలు చీటీ రాస్తారు.

కౌలు రైతు పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. కేంద్రంలో పేరు నమోదుకు పట్టాదారు పాసుపుస్తకం, పంట నమోదు, బ్యాంకు ఖాతా కావాలి. పాసుపుస్తకం భూయజమానిది. కౌలు రైతు పండించిన వడ్ల డబ్బు చాలాసార్లు యజమాని ఖాతాలో పడుతుంది, అది చేతికి రావడం ఆయన మంచితనం మీద ఆధారపడుతుంది. అదృష్టవశాత్తు ఊళ్లలో ఆ మంచితనం ఇంకా బతికి ఉంది, కానీ ప్రభుత్వ కొనుగోలు దాని మీద ఆధారపడి నడవకూడదు.

మద్దతు ధర ప్రకటన ఉన్నా కొనేవారు లేకపోతే ఏమవుతుందో వేరుశనగ చూపిస్తుంది. ఈ మూడు జిల్లాల్లో యాసంగి వేరుశనగ ముఖ్యమైన పంట. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాయ అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మార్కెట్ యార్డులకు ఒక్కసారిగా వస్తుంది. లింగాల రైతుకు దగ్గరి పెద్ద యార్డు అచ్చంపేట. 2023-24లో వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 6,377 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో యార్డులో పలికిన ధరలు అంతకన్నా చాలా కిందికి పడిపోవడంతో అచ్చంపేటలో రైతులు ఆందోళనకు దిగారు. తర్వాతి ఏడాదికి మద్దతు ధర 6,783కి, 2025-26కి 7,263కి పెరిగింది. వడ్లకున్నట్టు ఊరూరా కేంద్రాలు లేని పంటకు ఈ అంకె రేడియోలో వినడానికే పనికొస్తుంది. యార్డులో కుప్ప పోసిన రైతుకు బేరమాడే శక్తి ఉండదు. కాయ తిరిగి ఇంటికి తీసుకుపోతే ట్రాలీ కిరాయి, హమాలీ, మళ్లీ ఎండబెట్టే కూలి. వ్యాపారులందరూ ఒకే స్థాయిలో ధర కోట్ చేస్తే పోటీ వేలం ఉన్నా లేనట్టే. నిజాం కాలంలో 1930లోనే హైదరాబాద్ రాష్ట్రం వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1966లో ఇంకో చట్టం చేసింది. బహిరంగ వేలం, సరైన తూకం, వెంటనే చెల్లింపు ఆ చట్టాల అసలు ఉద్దేశం. దాదాపు వందేళ్ల తర్వాత కూడా రైతులు అడుగుతున్నది ఆ మూడే.

గద్వాల వైపు పోతే ఇంకో రకం ఒప్పందం ఉంది. జోగులాంబ గద్వాల జిల్లా దేశంలో సీడ్ పత్తికి పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఆడ చెట్ల మొగ్గల్లోంచి పుప్పొడి తిత్తులను సాయంత్రం చేతితో తీసేసి, మర్నాడు పొద్దున మగ చెట్ల పువ్వులతో ఒక్కో పువ్వునూ తాకించాలి. ఇంత కూలి పట్టే పంట ఇంకొకటి అరుదు. విత్తన కంపెనీ రైతుతో నేరుగా మాట్లాడదు. మధ్యలో ఆర్గనైజరు, ఆయన కింద సబ్ ఆర్గనైజరు ఉంటారు. మూల విత్తనం, పెట్టుబడి అప్పు వాళ్ల ద్వారానే వస్తాయి. అప్పుకు వడ్డీ ఉంటుంది. ఒప్పంద పత్రం ఉన్నా దాని నకలు రైతు ఇంట్లో దొరకడం కష్టం. విత్తనం అప్పగించాక జన్యు స్వచ్ఛత పరీక్ష కోసం నమూనా నాటి, మొక్కలు పెరిగాక లెక్కపెడతారు. ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఫెయిలైందంటే ఆ విత్తనానికి ధర ఉండదు. ఏ పొలంలో నమూనా వేశారు, ఎన్ని మొక్కలు తేడాగా వచ్చాయి అని రైతు చూడలేడు, ఇంకో చోట మళ్లీ పరీక్ష చేయించుకునే ఏర్పాటూ లేదు.

ఇక్కడ ఒక అసమానత గమనించాలి. రైతులు కొనే బీటీ పత్తి విత్తన ప్యాకెట్‌కు కేంద్రం 2015 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద ఏటా గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. రెండో తరం బీటీ ప్యాకెట్‌కు 2023లో 853 రూపాయలు, 2024లో 864, 2025లో 901. అదే విత్తనాన్ని పండించిన గద్వాల రైతుకు ఎంత ఇవ్వాలో ఏ ఉత్తర్వూ చెప్పదు. ప్యాకెట్ ధర పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో పండించినవారి వాటా ఎంతో అడిగే వేదిక లేదు. 2025 వానకాలంలో కంపెనీలు కొనుగోలు తగ్గిస్తున్నాయని తెలిసి గద్వాల సీడ్ పత్తి రైతులు రోడ్డెక్కారు. అప్పటికే పంట పొలంలో ఉంది. అదే ఏడాది ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం ప్రాంతాల్లో కంపెనీల కోసం విత్తన మొక్కజొన్న వేసి నష్టపోయిన ఆదివాసీ రైతులకు, ప్రభుత్వమూ రైతు కమిషనూ జోక్యం చేసుకున్నాక కంపెనీల నుంచి పరిహారం అందింది. పరిహారం రావడం మంచిదే. అంతవరకు రావడానికి ఒక రాష్ట్ర కమిషన్ కదలవలసి వచ్చిందంటే ఒప్పందం తన పని తాను చేయలేదని అర్థం.

లిఖిత ఒప్పందం ఉంటే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకూడదు. కెనడా గోధుమ రైతులు చాలామంది విత్తే సమయంలోనే ఇన్ని టన్నులు, ఇంత ధరకు అప్పగిస్తామని సంతకం చేస్తారు. ధర పడిపోతే అది రక్షణ. 2021లో అక్కడి ప్రెయిరీ రాష్ట్రాల్లో తీవ్రమైన కరువు వచ్చింది. పంట రాలేదు, ధర మాత్రం పెరిగింది. అప్పగించలేకపోయిన ప్రతి టన్నుకూ ఒప్పంద ధరకూ మార్కెట్ ధరకూ తేడాను రైతులు చేతి నుంచి కట్టవలసి వచ్చింది. పంట పోయినవాడే జరిమానా కట్టాడు. కరువు, వడగండ్లు వచ్చినప్పుడు అప్పగింత బాధ్యత ఎంత తగ్గుతుందో రాయని ఒప్పందం రైతును రక్షించదని ఆ అనుభవం చెబుతుంది.

ధరను మార్చేది వ్యాపారులే కాదు, ప్రభుత్వాలు కూడా. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ప్రపంచమంతా గోధుమ ధర ఎగబాకింది. ఉత్తరాది రైతులు మద్దతు ధర కన్నా ఎక్కువకు ప్రైవేటు వ్యాపారులకు అమ్మారు. ప్రభుత్వ సేకరణ అంతకుముందు ఏడాది 433 లక్షల టన్నులుండగా ఆ ఏడాది 188 లక్షల టన్నులకు తగ్గింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతిని నిషేధించింది. మర్నాటి నుంచి మండీల్లో ధర తగ్గింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతికీ అదే జరిగింది, 2024 సెప్టెంబరు దాకా ఆ నిషేధం కొనసాగింది. తెలంగాణ సోనా, సాంబ మసూరి పండించి రాయచూరు మిల్లుల వైపు చూసే గద్వాల, వనపర్తి రైతుకు ఢిల్లీలో వెలువడిన ఆ ఒక్క ప్రకటన నేరుగా తగులుతుంది. పట్టణాల్లో బియ్యం ధర అదుపులో ఉండాలన్నది న్యాయమైన కోరికే. దాని ఖర్చును పండించినవారి మీదే వేసి, దాన్ని ఖర్చుగా లెక్క కట్టకపోవడం న్యాయం కాదు.

కేంద్రం 2020లో తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఒప్పంద వ్యవసాయం గురించినదే. వివాదం వస్తే రైతు సివిల్ కోర్టుకు బదులు సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలని అది చెప్పింది. ఏడాదికి పైగా సాగిన ఉద్యమం తర్వాత 2021 నవంబరు 29న పార్లమెంటు ఆ చట్టాలను రద్దు చేసింది. రద్దు చేయడంతో ఒప్పందాలు ఆగలేదు. గద్వాలలో, ములుగులో అవి చట్టం చూడని చోట యథాతథంగా నడుస్తున్నాయి. వాటికి కావలసింది పెద్ద పేరున్న చట్టం కాదు. విత్తన ఒప్పందం తెలుగులో ఉండాలి, నకలు రైతు చేతిలో, ఇంకొకటి మండల వ్యవసాయ అధికారి దగ్గర ఉండాలి. స్వచ్ఛత పరీక్ష ప్రభుత్వ ప్రయోగశాలలో మళ్లీ చేయించుకునే హక్కు రాయాలి. వడ్ల విషయంలో డబ్బు గడియారం మిల్లు సంతకంతో కాకుండా కేంద్రంలో కాంటాతో మొదలుకావాలి. మిల్లుకు అభ్యంతరముంటే అది పౌరసరఫరాల సంస్థతో తేల్చుకోవాలి.

ఆ మార్పులు వచ్చేదాకా లింగాల రైతయినా, గద్వాల రైతయినా చేయగలిగింది కొంత ఉంది. కేంద్రానికి వడ్లు చేరిన రోజే టోకెన్ మీద తేదీ రాయించుకోవాలి. తేమ చూసినప్పుడు ఆ అంకెను, కాంటా అయినప్పుడు సంచుల లెక్కను, నికర తూకాన్ని నిర్వాహకుల సంతకంతో రాయించుకోవాలి, కుదిరితే సెల్‌ఫోనులో ఫొటో తీసుకోవాలి. ట్రక్ షీటులో ఆ అంకెలే ఉన్నాయో లేదో లారీ కదిలేలోపు చూసుకోవాలి. తేడా ఉంటే తహశీల్దారుకో, జిల్లా పౌరసరఫరాల అధికారికో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. విత్తన పంట వేసేవారు మూల విత్తనం తీసుకునే ముందే ఒప్పందం నకలు అడగాలి, ఇవ్వనంటే ఆ పంట వేయకపోవడమే మేలు.